పవర్ బ్రేకు ఉండీ బండి ఆగకపోతే: హాట్ రాడ్ నడిపేవాళ్లకు

బ్రేకు సరిగా పట్టడం లేదని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు పెడలు సంగతి అడుగుతాను. కాలు వేస్తే గట్టిగా నిలబడిపోయి, బండి మాత్రం ఆగట్లేదా? మెత్తగా దిగుతోందా? సగం దూరం ఊరికే పోయి ఆ తర్వాత అందుకుంటోందా? సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకుంటే మెల్లగా నేలకు జారిపోతోందా? ఇవి నాలుగూ వేర్వేరు జబ్బులు. మొదటిదానికి కారణం వాక్యూమ్ (ఇంజను గాలి పీల్చడం వల్ల పుట్టే లాగుడు), బూస్టరు (ఆ లాగుడుతో కాలి బలాన్ని పెంచేది), పెడలు కొలతలు, డిస్కుని నొక్కే ప్యాడ్ల దగ్గర ఉంటుంది. రెండోది లైన్లో గాలి. మూడోది వెనక డ్రమ్ము బ్రేకుల సర్దుబాటు, లేదా బూస్టరు రాడ్డు పొట్టిగా ఉండటం. నాలుగోది మాస్టర్ సిలిండరు (పెడలు తోపుని ఆయిల్ ప్రెషరుగా మార్చేది) లోపలి రబ్బరు అరిగిపోయి నూనె పక్కనుంచి జారిపోవడం. పెడలు ఏం చెబుతోందో వినకుండా కొత్త బూస్టరు కొనేసినవాళ్లు, అదీ పనిచేయక ఇంకోటి కొన్నవాళ్లు నాకు బాగా తెలుసు.

నేను ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. పగలు ఒక కార్ల కంపెనీలో బ్రేకుల విభాగంలో ఉద్యోగం. సాయంత్రాలు, శని ఆదివారాలు పాత ఫోర్డుల కింద, అంటే పాత బాడీకి వేరే ఇంజను, పార్టులు కట్టిన హాట్ రాడ్‌ల కింద. ఇక్కడ 1995 నుంచి దాదాపు ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. వేలకొద్దీ పాత కార్లు ఒకే రోడ్డు మీద చేరతాయి. బండి గేరులో, కాలు బ్రేకు మీద, ఎండ నెత్తిమీద, అలా గంటల తరబడి పాకాల్సిందే. ఖాళీ రోడ్డు మీద ఎలాగోలా నెట్టుకొచ్చిన బ్రేకు అక్కడ బయటపడిపోతుంది. అందుకే జులై వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి.

ఈసారి వచ్చిన ఫోను తెనాలి కుర్రాడిది. ఇక్కడే సాఫ్ట్‌వేరులో ఉన్నాడు. ఎప్పట్నుంచో ఉన్న ముచ్చట తీర్చుకుని, ఎవరో కట్టి అమ్మిన 1940 ఫోర్డ్ కూపే కొన్నాడు. "అన్నా, రెండు కాళ్లూ పెట్టి తొక్కినా ఆగట్లేదన్నా. పవర్ బ్రేకే అని చెప్పి అమ్మారు" అన్నాడు. "పెడలు దిగుతోందా తమ్ముడూ?" అంటే "లేదన్నా, అస్సలు దిగట్లేదు" అన్నాడు. మెకానికల్ పని నేర్చుకుందామనే ఆసక్తి ఉన్నవాడు కాబట్టి బండి నా గ్యారేజీకి తెప్పించి, పని వాడి చేతే చేయించాను. కొలతలన్నీ ఆ బండివే చెబుతాను. మీ బండికి అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. ఫోర్డ్ కంపెనీ తన కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు పెట్టింది 1939లో. అంతకుముందంతా రాడ్లు, కేబుళ్లే. 1940 కూపే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు నాలుగు చక్రాలకూ డ్రమ్ములు, నేల కింద ఒకే ఒక్క గది ఉన్న మాస్టర్ సిలిండరు, 85 గుర్రాల ఫ్లాట్‌హెడ్ వీ8 ఉండేవి. బూస్టరు లేదు. ఇప్పుడు అదే బాడీ కింద షెవర్లే 350 ఇంజను, అందులో పెద్ద క్యామ్ షాఫ్టు (ఇంజను వాల్వులు తెరిచే కడ్డీ), టర్బో 350 గేర్‌బాక్సు, ముందు మస్టాంగ్ 2 తరహా సస్పెన్షను మీద 11 అంగుళాల డిస్కులు, వెనక ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిలు మీద డ్రమ్ములు, డ్రైవరు కాళ్ల కింద ఛాసిస్‌కి బిగించిన 7 అంగుళాల రెండు డయాఫ్రమ్‌ల (లోపలి రబ్బరు పొరల) బూస్టరు ఉన్నాయి. ఒక్కొక్కటీ మంచి వస్తువే. కానీ ఒకదానికొకటి సరిపోతుందా అని లెక్క వేసినవాళ్లు ఎవరూ లేరు. కంపెనీ కారుకైతే ఆ లెక్క మా బోటివాళ్లం ముందే వేసి పంపుతాం. హాట్ రాడ్‌లో ఆ పని బండి కట్టినవాళ్లదో, కొన్నవాళ్లదో. బలహీనమైన పవర్ బ్రేకు కేసుల్లో చాలావాటికి మూలం విరిగిన పార్టు కాదు, కుదరని జోడీ.

దీనికి కావలసినవి రెండు గేజిలు. ఒకటి మామూలు వాక్యూమ్ గేజి. రెండోది క్యాలిపరులో (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) గాలి తీసే బోల్టు విప్పి ఆ రంధ్రంలో బిగించే ప్రెషర్ గేజి, 2000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు చూపేది. రెండూ కలిపినా కొత్త బూస్టరు ఖరీదు కావు. ఇవి లేకుండా చేసేదంతా ఊహే.

గ్యారేజీలోనే మూడు పరీక్షలు

చక్రాలకు దుంగలు పెట్టండి, హ్యాండ్ బ్రేకు లాగండి.

ఇంజను ఆపి పెడలుని నాలుగైదు సార్లు తొక్కండి. బూస్టరులో మిగిలిన వాక్యూమ్ అంతా అయిపోయి పెడలు బిగుసుకుంటుంది. దాని మీద కాలు మామూలు బలంతో అలాగే ఉంచి ఇంజను స్టార్ట్ చేయండి. ఇంజను అందుకున్న క్షణంలో మీ పాదం కింద పెడలు కొద్దిగా దిగాలి, ఎవరో కింద నుంచి మెత్తగా లాగినట్టు. దిగితే బూస్టరు సాయం చేస్తోందని అర్థం. ఏమాత్రం కదలకపోతే బూస్టరుకి వాక్యూమ్ అందట్లేదు, లేదా బూస్టరే పోయింది.

రెండోది. ఇంజను ఒక నిమిషం నడిపి ఆపేయండి. కాసేపాగి తొక్కండి. మొదటిసారి, రెండోసారి తేలిగ్గా దిగి ఆ తర్వాత గట్టిపడాలి. మొదటిసారే గట్టిగా ఉంటే బూస్టరు మీద గొట్టం దూరే చోట ఉండే చెక్ వాల్వు గాలిని వెనక్కి వదిలేస్తోంది, లేదా ఎక్కడో లీకుంది. ఆ వాల్వు చిన్న ప్లాస్టిక్ ముక్క. ఊడదీసి నోటితో ఊదితే ఒకవైపే గాలి పోవాలి, ఇంజను వైపు. దాన్ని పట్టి ఉంచే రబ్బరు రింగు ఎండి పగిలితే కూడా ఇదే జబ్బు.

మూడోది. ఇంజను నడుస్తుండగా పెడలు తొక్కి పట్టుకుని, అలాగే ఇంజను ఆపి, అర నిమిషం కాలు తీయకండి. పెడలు ఉన్నచోటే ఉండాలి. మీ కాలిని పైకి నెట్టుకొస్తే డయాఫ్రమ్ లీకు. తొక్కినంతసేపూ పెడలు దగ్గర బుస్సుమని ఆగకుండా శబ్దం వస్తే కూడా అంతే. తొక్కగానే ఒక్క క్షణం వచ్చి ఆగిపోయే శబ్దం మామూలే, దానికి కంగారు పడొద్దు.

ఇక్కడే ఇంకొక్క పని చేయండి. చాలామంది చేయరు. మాస్టర్ సిలిండరుని బూస్టరుకి పట్టి ఉంచే రెండు నట్లూ విప్పి, పైపులు వంగకుండా సిలిండరుని ఒక అంగుళం ముందుకు జరపండి. సందులో తెల్లటి గుడ్డ పెట్టి తుడవండి. పొడిగా రావాలి. తడిగా వస్తే వెనక సీలు పోయి బ్రేక్ ఆయిల్ బూస్టరు లోపలికి దిగుతోంది. బయట ఎక్కడా చుక్క కనబడదు, ఆయిల్ సీసాలో మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది. వాక్యూమ్ దాన్ని ఇంజనులోకి కూడా లాగేస్తుంది కాబట్టి కొన్నిసార్లు సైలెన్సరు నుంచి తెల్ల పొగ వస్తుంది. అప్పుడు సిలిండరు ఒక్కటే మారిస్తే సరిపోదు, తడిసిన డయాఫ్రమ్ కూడా ఎక్కువకాలం ఉండదు.

మా తెనాలి తమ్ముడి బండిలో గుడ్డ పొడిగానే వచ్చింది. మొదటి పరీక్షలో పెడలు దిగింది, కానీ దిగిందా లేదా అని అనుమానం వచ్చేంత తక్కువ. అంటే బూస్టరు బతికే ఉంది. తిండి చాలట్లేదు.

వాక్యూమ్ ఎంత ఉంది, ఎక్కడ కొలిచారు

బూస్టరు గొట్టంలో, బూస్టరుకి వీలైనంత దగ్గరగా ఒక టీ (మూడు దారుల జాయింటు) పెట్టి వాక్యూమ్ గేజి తగిలించండి. ఇంజను దగ్గర కాదు. గొట్టం మధ్యలో నలిగిపోయి ఉంటే ఇంజను దగ్గర అంకె బ్రహ్మాండంగా ఉంటుంది, బూస్టరుకి మాత్రం చేరదు. ఇంజను పూర్తిగా వేడెక్కాక, యాక్సిలరేటరు మీద కాలు లేకుండా చూడాలి. ముందు పార్కులో, తర్వాత డ్రైవ్‌లో. చక్రాల దుంగలు తీయకండి, బండి ముందు ఎవరినీ నిలబెట్టకండి.

ఈ గేజిలు పాదరసం అంగుళాల్లో చూపిస్తాయి. మామూలు క్యామ్ ఉన్న ఆరోగ్యమైన వీ8 సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 వరకు ఇస్తుంది. చిన్న బూస్టరు దాని పని అది చేయాలంటే కనీసం 16 కావాలి, 18 ఉంటే నిశ్చింత. తమ్ముడి బండి పార్కులో 13 చూపింది. డ్రైవ్‌లో వేయగానే ముల్లు 10కి పడి అక్కడక్కడే వణుకుతోంది. "ఇదేనా అన్నా?" అన్నాడు. సగం ఇదే.

10కీ 18కీ తేడా ఎంతో చూడండి. పాదరసం ఒక అంగుళానికి దాదాపు 0.49 పీఎస్ఐ. అంటే 18 అంగుళాల దగ్గర 8.8, 10 అంగుళాల దగ్గర 4.9. 7 అంగుళాల డయాఫ్రమ్ వైశాల్యం 38 చదరపు అంగుళాలు. రెండున్నా షెల్లు, రాడ్డు తినేసేది పోను 70 అనుకుందాం. 18 దగ్గర బూస్టరు ఇచ్చే గరిష్ఠ సాయం 616 పౌండ్లు, 10 దగ్గర 343. అదే బూస్టరు, అదే కాలు, సాయం మాత్రం సగానికి కాస్త ఎక్కువ. దానికి సాయం చేయగల శక్తి అయిపోయాక మీరు ఎంత తొక్కినా మీ కాలి బలం ఒక్కటే కలుస్తుంది. పెడలు గోడలా తగిలేది అప్పుడే.

క్యామ్ ఎందుకు తప్పు చేస్తుందంటే, పెద్ద క్యామ్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరుచుకుని ఉండే సమయం ఎక్కువ. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కాలిన వాయువు వెనక్కి ఇన్‌టేక్‌లోకి వస్తుంది, వాక్యూమ్ పడిపోతుంది. వుడ్‌వర్డ్ మీద అందరూ ఆగి వినే ఆ గడగడ శబ్దానికి మనం కట్టే ధర బ్రేకు దగ్గర కడతాం. ఎత్తు ప్రదేశాల్లో ఉండేవాళ్లకి ఇది ఇంకా కష్టం. వెయ్యి అడుగులకి దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. 5280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్‌లో మంచి ఇంజను కూడా 18 బదులు 13 చూపిస్తే ఆశ్చర్యం లేదు.

అయితే తక్కువ అంకె కనబడగానే క్యామ్ మీద నెపం వేసేయకండి. ముందు దొరికినంత వెనక్కి రాబట్టాలి. గొట్టం ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. కార్బ్యురేటరు వెనక అడుగున ఉండే లావు రంధ్రం, లేదా ఇన్‌టేక్ మానిఫోల్డు మధ్య గది, ఇవి సరైనవి. థ్రాటిల్ పైన ఉండే సన్న రంధ్రం నుంచి తీసుకుంటే ఇంజను ఊరికే తిరిగేటప్పుడు ఏమీ రాదు, మీకు బ్రేకు కావలసింది సరిగ్గా అప్పుడే. గేర్‌బాక్సు మాడ్యులేటరు (వాక్యూమ్‌ని బట్టి గేరు మారడాన్ని సర్దేది) గొట్టంతో కలిపి టీ వేయడం కూడా మంచిది కాదు. బూస్టరుకి దాని గొట్టం దానికే ఉండాలి. అది వాక్యూమ్ కోసమే చేసిన మందపాటి గొట్టమై ఉండాలి, లోపలి రంధ్రం 3/8 అంగుళం దగ్గరగా. హీటరు గొట్టం వాడినవాళ్లని చూశాను. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, ఇంజను వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది. ఇంజను నడుస్తుండగా పొడవునా చేత్తో తడిమితే ఎక్కడ చప్పబడిందో దొరుకుతుంది.

తర్వాత టైమింగు, అంటే స్పార్కు పడే సమయం. పాత 350కి ఫ్యాక్టరీ చెప్పిన ఇనీషియల్ టైమింగు తక్కువ. పెద్ద క్యామ్‌కి 12 నుంచి 14 డిగ్రీల దాకా కావాలి, ఇంజను వేగంగా తిరిగేటప్పుడు మొత్తం అడ్వాన్సు (స్పార్కు ముందుకు జరిగేది) హద్దు దాటకుండా డిస్ట్రిబ్యూటరులో సర్దుకోవాలి. వాక్యూమ్ అడ్వాన్సుని మానిఫోల్డుకి తగిలిస్తే ఊరికే తిరిగేటప్పుడు ఇంకొంచెం లాభం. ఆ తర్వాత కార్బ్యురేటరు మిక్స్చర్ స్క్రూలు రెండూ గేజి చూస్తూ, ముల్లు ఎక్కడ ఎక్కువగా నిలుస్తుందో అక్కడ ఆపండి. ఇన్‌టేక్ గ్యాస్కెట్ల వెంట స్ప్రే సీసాతో నీళ్లు కొట్టండి. కొట్టిన చోట ఇంజను శబ్దం మారితే అక్కడ గాలి లాగుతోంది. కొందరు దీనికి కార్బ్యురేటరు క్లీనరు వాడతారు. వేడి ఎగ్జాస్టు పక్కన నేను దాన్ని వాడనివ్వను.

ఇవన్నీ చేశాక తమ్ముడి బండి డ్రైవ్‌లో 10 నుంచి 12కి వచ్చింది. అంతకుమించి ఆ క్యామ్ ఇవ్వదు.

అలాంటప్పుడు ఉన్న దారులు ఇవి. 12 వోల్టుల ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు పెట్టొచ్చు. వాక్యూమ్ తగ్గగానే తనే ఆన్ అయి, నిండగానే ఆగే స్విచ్చు ఉన్నది తీసుకోండి. దాని శబ్దం కొందరికి నచ్చదు కాబట్టి రబ్బరు బుష్‌ల మీద ట్రంకులోనో ఫెండరు లోపలో బిగిస్తారు. పవర్ స్టీరింగు పంపు ఉన్న బండికి హైడ్రోబూస్ట్ (ఆ పంపు ఆయిల్ ప్రెషరుతో పనిచేసే బూస్టరు) చాలా మంచి పద్ధతి, వాక్యూమ్‌తో పనే ఉండదు. క్యామ్ మార్చడం ఇంకో దారి, కానీ ఆ మాట హాట్ రాడ్ వాళ్ల దగ్గర అనడం కష్టం. ఇక అందరూ ముందు కొనేది వాక్యూమ్ రిజర్వు డబ్బా. ఒక్క విషయం గట్టిగా చెబుతాను: డబ్బా వాక్యూమ్‌ని దాచుకుంటుంది, పెంచదు. ఇంజను 12 ఇస్తే డబ్బాలో ఊరికే తిరిగేటప్పుడు ఉండేది 12 చుట్టుపక్కలే. రోడ్డు మీద కాలు తీసినప్పుడు వచ్చే ఎక్కువ వాక్యూమ్‌ని ఒకట్రెండు తొక్కుళ్లకి దాచి పెడుతుంది, ట్రాఫిక్‌లో అది అయిపోతుంది. మేం పంపు పెట్టాం. 18 దగ్గర నిలబడింది.

మిగతా సగం: పెడలు, సిలిండరు

వాక్యూమ్ ఎంత ఉన్నా చివరికి చక్రం దగ్గరికి చేరేది ఆయిల్ ప్రెషరు. ముందు డిస్కులకి గట్టిగా తొక్కినప్పుడు 900 నుంచి 1200 పీఎస్ఐ కావాలి. పంపు పెట్టకముందు తమ్ముడి బండి ముందు చక్రం దగ్గర గేజి 550 దాటలేదు. బండి ఆగకపోవడంలో వింతేముంది?

టేపు తీసుకుని పెడలు కొలవండి. పెడలు కడ్డీ తిరిగే పిన్ను మధ్య నుంచి పాదం ఆనే పలక మధ్య వరకు ఒక కొలత. అదే పిన్ను నుంచి బూస్టరు రాడ్డు తగిలే రంధ్రం వరకు రెండో కొలత. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే పెడలు నిష్పత్తి. బూస్టరు ఉన్నవాటికి 4 నుంచి 5, బూస్టరు లేనివాటికి 6 చుట్టూ ఉండాలి. ఇక్కడ 12 అంగుళాలు, 3 అంగుళాలు. అంటే 4. సరిపోతుంది.

మాస్టర్ సిలిండరు లోపలి వ్యాసం దాని ఒంటి మీదే పోతపోసి ఉంటుంది, లేకపోతే విప్పి కొలవాలి. ఆ బండిలో ఉన్నది 1-1/8 అంగుళం. పెద్దది కాబట్టి బలమైనదని కట్టినవాళ్లు అనుకుని ఉంటారు. నిజానికి తిరగబడుతుంది. సిలిండరు పెద్దదైతే అదే తోపుకి ప్రెషరు తగ్గుతుంది, పెడలు తక్కువ దూరం దిగుతుంది.

లెక్క ఇలా. కాలు 60 పౌండ్లు, నిష్పత్తి 4, కలిపి 240. 10 అంగుళాల వాక్యూమ్ దగ్గర బూస్టరు 343 కలిపితే 583. 1-1/8 సిలిండరు వైశాల్యం 0.994, అంటే 586 పీఎస్ఐ. గేజి చూపిన 550 ఈ లెక్కకి దగ్గరగానే ఉంది. ఇప్పుడు వాక్యూమ్ 18 చేసి సిలిండరు అలాగే ఉంచితే 861. బాగుంది, చాలదు. సిలిండరుని 1 అంగుళానికి మారిస్తే వైశాల్యం 0.785, ప్రెషరు 1090. పెడలు మునుపటికంటే పావు వంతు ఎక్కువ దిగుతుంది, దానికి చోటుందో లేదో ముందే చూసుకోవాలి. మేం 1 అంగుళం సిలిండరు వేశాక గేజి 1000 దాటింది. ముల్లు ఆ అంకె దాటుతుంటే వాడి మొహం చూడాలి.

నేల కింద చోటు లేదు, పంపు శబ్దం వద్దు అనేవాళ్లకి నా సలహా వేరు. బూస్టరు తీసేసి, నిష్పత్తి 6 చేసి, 7/8 అంగుళం సిలిండరు వేసుకోండి. కాలు 100 పౌండ్లు వేస్తే 998 పీఎస్ఐ వస్తుంది. తేలిగ్గా ఉండదు, కానీ తేలికైన బండికి ఎప్పుడూ మాట తప్పని బ్రేకు అది. సగం పనిచేసే పవర్ బ్రేకు కంటే నేను దాన్నే నమ్ముతాను.

సిలిండరు మార్చేటప్పుడు దాని వెనక పిస్టను గుంట లోతు చూడండి. బూస్టరు లేని బండ్ల సిలిండరుకి గుంట లోతుగా ఉంటుంది, ఉన్నవాటికి పైపైన. లోతు గుంట సిలిండరుకి పొట్టి రాడ్డు బూస్టరు తగిలిస్తే సగం పెడలు గాలిలోనే పోతుంది. రాడ్డు కొనకీ పిస్టనుకీ మధ్య ఖాళీ అంగుళంలో ఇరవై వెయ్యో వంతుల చుట్టూ ఉండాలి. ఖాళీ లేకుండా రాడ్డు నెడుతూ ఉంటే కాలు తీసినా ఆయిల్ సీసాలోకి తిరిగి వెళ్లే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. కాసేపు నడిపేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేసి, డిస్కులు కాలి, ఆయిల్ మరిగి, అప్పుడు పెడలు మెత్తబడుతుంది. రాడ్డు కొన మీద చిన్న బంకమట్టి ఉండ పెట్టి బిగించి విప్పితే ఎంత మందం మిగిలిందో అదే ఖాళీ.

ఒక మాట. మీ బండిలో ఇంకా ఒకే గది మాస్టర్ సిలిండరు ఉంటే ముందు అది మార్చండి. ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలూ పోతాయి. అమెరికా కార్లన్నీ 1967 నాటికే రెండు గదులకి మారిపోయాయి.

నేల కింద సిలిండరు ఉన్నవాళ్లకి

మాస్టర్ సిలిండరు క్యాలిపర్ల కంటే కింద ఉంటే బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా వెనక్కి జారుతుంది, ప్యాడ్లు డిస్కుకి దూరమవుతాయి. పొద్దున మొదటి తొక్కు నేలకి పోయి, రెండోది సరిగ్గా ఉంటుంది. దీనికి ముందు లైనులో 2 పీఎస్ఐ, డ్రమ్ముల లైనులో 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వులు (లైనులో కొద్ది ప్రెషరు నిలిపి ఉంచేవి) వేయాలి. 10ది పొరపాటున డిస్కులకి పడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి.

పెడలు కడ్డీ నేలలో ఉన్న సందుకి గానీ కార్పెట్‌కి గానీ తగులుతోందేమో పడుకుని, లైటు వేసి చూడండి. ఇంకొకరిని తొక్కమనండి. బయటకి అది గట్టి పెడలులాగే ఉంటుంది, బ్రేకు తప్పేమీ ఉండదు. ఎగ్జాస్టు పైపు బూస్టరు పక్క నుంచే పోతుంటే మధ్యలో రేకు అడ్డం పెట్టండి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చినదానికి ప్రమాణం 140 మాత్రమే. మిషిగన్‌లో ఉప్పు రోడ్లకి భయపడి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ కార్లు గ్యారేజీలోనే ఉంటాయి, ఆయిల్ ఆ కాలమంతా తేమ తాగుతూనే ఉంటుంది. రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్‌ని డాట్ 3, 4లతో కలపకండి.

మెత్తటి పెడలు సంగతి త్వరగా చెప్పేస్తాను, అది తెలిసిన జబ్బే. మాస్టర్ సిలిండరుని బండికి బిగించకముందే బల్ల మీద గాలి తీయాలి. గాలి తీసే బోల్టు క్యాలిపరు పైభాగాన ఉందో లేదో చూడండి. కిందికి ఉంటే కుడి ఎడమ క్యాలిపర్లు తారుమారయ్యాయి, రోజంతా తీసినా గాలి పోదు. వెనక డ్రమ్ముల స్టార్ వీలు (లోపల సర్దుబాటు చేసే పళ్ల చక్రం) తిప్పి, చక్రం తిప్పితే లైనింగు కొద్దిగా రాసుకునేలా బిగించండి. పాత డ్రమ్ముల దుమ్ముని గాలితో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవండి.

ప్రెషరు ఉంది, ఆగట్లేదు

గేజి 1000 చూపినా బండి సాగుతూ పోతే ఇక మిగిలింది రాపిడే. ప్యాడ్లు తీసి చూడండి. అద్దంలా మెరుస్తుంటే కాలిపోయాయి. రేసుల కోసం చేసిన గట్టి ప్యాడ్లు వేడెక్కితే గానీ పట్టవు. వారానికోసారి ఐస్‌క్రీమ్ కొట్టు దాకా వెళ్లే బండికి అవి అనవసరం, మెత్తటి మామూలు ప్యాడ్లే మేలు. క్యాలిపరు జారే పిన్నులు చేత్తో కదలాలి. కదలకపోతే రెండు ప్యాడ్లలో ఒకటే పనిచేస్తోంది. కుడి, ఎడమ గేజి అంకెలు వేరువేరుగా వస్తే తక్కువ వచ్చినవైపు రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకుందని అనుమానించండి. పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది.

కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద 30, 35 మైళ్ల వేగం నుంచి మామూలుగా తొక్కి దాదాపు ఆపి, మళ్లీ వదిలి, మధ్యలో అర నిమిషం గాలి తగలనిచ్చి, ఇలా ఎనిమిది పదిసార్లు చేయండి. చివర్లో బ్రేకు మీద కాలు ఉంచి ఆపేయకండి, తిప్పుతూ చల్లారనివ్వండి.

రోడ్డు మీదికి పోయేముందు పెద్ద ఖాళీ పార్కింగులో 10 మైళ్ల దగ్గర, తర్వాత 20 దగ్గర తొక్కి చూడండి. వెనక చక్రాలు ముందే బిగుసుకుంటే వెనక లైనులోని సర్దుకునే ప్రపోర్షనింగ్ వాల్వుని ప్రెషరు తగ్గే వైపు తిప్పుతూ రావాలి, ముందు చక్రాలు ఒక్క క్షణం ముందు బిగుసుకునే దాకా. తమ్ముడి బండిలో ముందు ప్రెషరు పెరిగాక ఈ సర్దుబాటు పూర్తిగా మారిపోయింది, కాబట్టి సిలిండరు మార్చిన ప్రతివాళ్లూ దీన్ని మళ్లీ చూడాలి. వారం నడిపాక ఒకసారి కిందకి దూరి, ప్రతి పైపు జాయింటునీ పొడి వేలితో తడిమి, సీసాలో మట్టం చూసి, పంపు వైరు ఎగ్జాస్టుకి తగలకుండా ఉందో లేదో చూసుకోండి.